ఫాస్టర్ కేర్ సీరియల్లో చూపించినట్టే మన దగ్గరా జరుగుతుందా?

మీరు చూసింది ‘ది ఫాస్టర్స్’ (2013–2018) అనే అమెరికా సీరియల్. ఫాస్టర్ కేర్ అంటే కన్నవాళ్లు చూసుకోలేని పిల్లల్ని వేరే కుటుంబం కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని పెంచడం. అందులో కాలీ, జూడ్ అక్కాతమ్ముళ్లు. తమ్ముడి దత్తత అయిపోతుంది, కాలీది మాత్రం కన్నతండ్రి వేరే అని తేలి, ఆయన సంతకం లేదని ఆగిపోతుంది. ‘ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా, మన దగ్గరా ఇంతేనా’ అని కదా మీ ప్రశ్న.

సంతకాల దగ్గర ఆగడం మన దగ్గరా ఉంది. తక్కిందంతా మాకు వేరేగా జరిగింది.

మాది తిరుపతి, కొర్లగుంట. ఎనిమిదేళ్ల పాపను ఏడాదిన్నర పైనే మా ఇంట్లో పెట్టుకున్నాం. (పేరు చెప్పను, చట్టం ఒప్పుకోదు.) వాళ్లమ్మకు జబ్బు చేసి, చూసే దిక్కులేక కొన్నాళ్లు పిల్లల హోంలో ఉన్న బిడ్డ. మాకు అప్పగించింది బాలల సంక్షేమ కమిటీ. మెజిస్ట్రేటు అధికారాలున్న కమిటీనే, కానీ బోనూ లేదు, నల్లకోట్ల అరుపులూ లేవు. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. పాపను వాళ్లడిగిన మొదటి మాట ‘పొద్దున ఏం తిన్నావు?’ అని. మొగుడూపెళ్లాలు పిల్లల కోసం కొట్లాడుకుంటే ఫ్యామిలీ కోర్టు, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. ఆ దారి వేరు.

సీరియల్ చూస్తే ఫాస్టర్ కేర్ అంటే దత్తతకు ముందు మెట్టు అనిపిస్తుంది. మాకు మాత్రం తల్లి కోలుకుంటే బిడ్డ వెనక్కి పోతుందని మొదటి రోజే చెప్పినారు. 2015 బాల న్యాయ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కన్నవాళ్లు వచ్చి చూసి పోవచ్చు కూడా. 2024 మార్గదర్శకాల్లో రెండేళ్లు పెంచినాక దత్తతకు అడగొచ్చన్నారు (ముందు ఐదేళ్లు), అదీ చట్టప్రకారం దత్తతకు వీలున్న పిల్లలనే. పాప ఖర్చుకని ప్రభుత్వం నెలకిచ్చే 4,000 రూపాయలు చూసి మాత్రం దిగొద్దండి, స్కూలు ఆటోకే సగం పోతుంది.

నెలకోసారి తల్లిని చూపించేదానికి పోయేవాళ్లం. నూనె పెట్టి, బిగించి రెండు జడలేసి రిబ్బన్లు కడితే, ఆటో లీలామహల్ సర్కిల్ దాటేలోపు పాప రెండూ విప్పేసేది. ‘అమ్మ వేస్తుంది పెద్దమ్మా’ అని రిబ్బన్లు చుట్ట చుట్టి నా చేతిలో పెట్టేది. నాకు కోపమొచ్చింది, దాచుకోవడమెందుకు. మూడో నెల నుంచి జడ వేయడం మానేసి, దువ్వెన సంచిలో వేసుకుని పోయేదాన్ని.

తిరిగి పంపేటప్పుడు ఎవరూ లాక్కోలేదు. పరీక్షలయ్యేదాకా ఆగమంటే ఆగినారు. ఆ పొద్దు మా ఆయన గేటు దగ్గరికే రాలేదు, ట్యాంకు చూడాలని మిద్దెపైకి పోయినాడు. ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి కారుతున్నా మోటారు ఆపలేదు.

మీకు ఆలోచన ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. దరఖాస్తుకు భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలి. మళ్లీ పెడదామా అంటే మా ఆయన ఇప్పటికీ ‘చూద్దాంలే’ అనే అంటున్నాడు.