పాత ట్రాన్సిస్టర్ విప్పేముందు

అల్లుడూ,

పాలకొల్లులో ఎవరి అటక మీదో దొరికిందంటూ నువ్వు పంపిన ట్రాన్సిస్టర్ రేడియో ఫోటో చూశాను. తోలు కేసు, మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్‌లు. మంచి సెట్టే పట్టావు. కానీ లోపలి కండెన్సర్లన్నీ (కెపాసిటర్లు) మార్చేస్తానన్నావు, అది మాత్రం వద్దు. ఎందుకు మోగట్లేదో ముందు తెలుసుకో. పాడైంది ఏదో అదొక్కటే మార్చు. మిగతాది ఫ్యాక్టరీలో ఎలా అతికించారో అలాగే ఉండనీ.

మన డెల్టాలో సెట్లు ఎక్కువగా చెమ్మకే పోతాయి. అంతర్వేది వైపు నుంచి వచ్చినవైతే ఉప్పుగాలికి సెల్లుల పెట్టెలో, బ్యాండ్ స్విచ్‌లో పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. స్ప్రింగులు గీకి, స్విచ్‌లోనూ వాల్యూం కంట్రోల్‌లోనూ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పు. చాలా సెట్లు ఇంతటితోనే గొంతు విప్పుతాయి. తోలు కేసుకి బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే తోలు పెళుసెక్కి కుట్లు తెగుతాయి.

సెల్లులు వేసేముందు ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకో. జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత సెట్లలో చాలావాటికి ఎర్త్ (సర్క్యూట్ అంతటికీ ఉమ్మడి తీగ) ప్లస్ వైపు ఉంటుంది, తిరగేసి వేస్తే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. మొదటిసారి మల్టీమీటర్‌ని సెల్లులకీ సెట్టుకీ మధ్యలో కలిపి కరెంటు ఎంత లాగుతుందో చూడు. వాల్యూం తగ్గించి ఉంటే మామూలుగా 10, 20 మిల్లీయాంపులు చాలు. వంద దాటితే వెంటనే ఆపు, లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

కరెంటు సరిగానే ఉండి సెట్టు మూగగా ఉందనుకో. వాల్యూం పెంచి, కంట్రోల్ మధ్య కాలుని స్క్రూడ్రైవర్ మొనతో తాకు, నీ వేలు ఆ ఇనుముకి తగులుతూ ఉండాలి. స్పీకర్ గుర్రుమందా, అక్కణ్ణుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే. తప్పు స్టేషన్‌ని పట్టే ముందు భాగంలో ఉంది. అక్కడ ఏఎఫ్117 లాంటి నాలుగు కాళ్ళ ట్రాన్సిస్టర్లు కనబడితే వాటినే ముందు అనుమానించు. వాటి డొప్పలో తగరం సన్నటి వెంట్రుకల్లా పెరిగి లోపలి తీగలకి తగులుతుంది. నాలుగో కాలు డొప్పకి ఎర్త్, దాన్ని కత్తిరిస్తే చాలాసార్లు సెట్టు మళ్ళీ పలుకుతుంది. గుర్రుమనకపోతే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయాయేమో చూడు, వయసుకి ముందు ఎండేవి అవే.

ఐఎఫ్ డబ్బాల్లోని (పట్టిన స్టేషన్‌ని వడగట్టే కాయిల్స్ ఉన్న చిన్న రేకు డబ్బాలు) మరలు మాత్రం ముట్టుకోవద్దు. 455 కిలోహెర్ట్జ్‌కి కట్టిన కాయిల్స్ అవి. ఇనప స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే లోపలి ఫెర్రైట్ పగులుతుంది, ఆ ముక్క మళ్ళీ ఎక్కడా దొరకదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మోగాక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపేసి విను. మీడియం వేవ్‌లో ఆ గరగరంతా వాటిదే. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ రాడ్ స్టేషన్ వైపు మొన పెడితే సరిగా పట్టదు, అడ్డంగా ఉండాలి. అమలాపురం నుంచి విజయవాడ పడమర కాబట్టి రాడ్ ఉత్తరం దక్షిణంగా పెట్టాలి. మన ఇళ్ళలో ముల్లు ఉండే చోటు విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్. డయల్ మీద మీటర్లుంటే 358 దగ్గర చూడు. పొద్దుగూకాక దూరపు స్టేషన్లూ వస్తాయి, అప్పుడు వాటి గోలలో తేడా తెలీదు, పగలే పరీక్షించు.

ఇంకోటి. సెట్టు ఇచ్చిన ఇంటివాళ్ళని మళ్ళీ ఒకసారి అడుగు, బాగుచేసిస్తే ఉంచుకుంటారేమోనని. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కరెంటు పోయినప్పుడు కబురు చెప్పినవి ఇలాంటి సెట్లే. మోగదని పాతసామాన్లవాడికి వేసేవాళ్ళలో చాలామంది, మోగుతుందంటే ఇవ్వరు.

విప్పేముందు కరెంటు రీడింగ్ ఎంతొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ మావయ్య