చిన్నికి, మెషీన్ ముందు కూర్చునే ముందు

చిన్నీ,

సౌథాంప్టన్‌లో పోస్ట్‌డాక్ వచ్చిందని, అదీ వైరస్ ప్రొటీన్ల మీద చక్కెర గొలుసుల పనని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. కోవిడ్ స్పైక్‌లో ఒక్కో ప్రొటీన్ మీద 22 చోట్ల ఎన్-గ్లైకాన్లు, అంటే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కునే చక్కెర గొలుసులు, ఉండొచ్చని, మూడు కలిసిన ట్రైమర్ మీద 66 అని, ఏ చోట ఏ రకం ఉందో 2020లో అక్కడివాళ్లే చూపించారు. అలాంటి చోటికి వెళ్తున్నావు.

శాంపిల్‌లోని ముక్కల్ని విడదీసే కాలమ్ శుభ్రంగా ఉంచుకో, శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య బ్లాంక్ (శాంపిల్ లేని ఖాళీ రన్) పెట్టు, అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ మెషీన్ టైమ్ ముందే బుక్ చేసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. కాంట్రాక్టు అయిపోతోందన్న కంగారులో కంట్రోల్, అదే పోలిక కోసం పెట్టే ట్యూబ్, ఎగ్గొడతావేమోనని. తార్నాకలో పనిచేసే రోజుల్లో మా పక్క బెంచీలో ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడు, తిండీ తిప్పలూ లేకుండా మెషీన్ దగ్గరే ఉండేవాడు. పీఎన్‌జేజ్-ఎఫ్ అనే ఎంజైమ్ చక్కెరని కోసేస్తూ ఆస్పరజిన్‌ని ఆస్పార్టిక్ ఆమ్లంగా మారుస్తుంది కదా, మాస్ (బరువు) 0.984 డాల్టన్లు (అణువుల బరువుకి యూనిట్) పెరుగుతుంది. ఆ పెరుగుదల కనిపించిన చోటల్లా గ్లైకాన్ ఉందని రాసుకుంటూ పోయాడు. అందులో ఒకటి అంతవరకూ ఎవరూ చెప్పని చోటు. ఇంకేం, గైడ్‌గారికి పండగ, వెంటనే పోస్టర్. పోస్టర్ ముందు ఆగిన పెద్దావిడ ఒకే ఒక్క మాట అడిగింది: ‘ఆ ఎంజైమ్ వెయ్యని ట్యూబ్ రన్ చేశావా బాబూ?’ చెయ్యలేదు. తిరిగొచ్చి చేస్తే అందులోనూ అదే పీక్! ఆ ఆస్పరజిన్ పక్కన గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, అలాంటి చోటు తేలిగ్గా మారిపోతుంది; పీహెచ్ 8 దగ్గర, 37 డిగ్రీల్లో, రాత్రంతా ప్రొటీన్‌ని ముక్కలు చేసే ట్రిప్సిన్‌లో నానేసరికి తనంతట తనే డీఅమిడేట్ అయిపోయింది, అంటే ఆస్పార్టిక్ ఆమ్లంగా మారిపోయింది, పెరిగింది అదే 0.984. తప్పు వాడొక్కడిదేనా అంటే నేనొప్పుకోను, కొత్త చోటు అనగానే ఎగిరి గంతేసిన పెద్దవాళ్లకి ఆ ప్రశ్న ఎందుకు తట్టలేదు? మాట పడింది మాత్రం వాడే. ఆ తర్వాత చాన్నాళ్లు మీటింగుల్లో నోరు విప్పలేదు పాపం.

ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్) ఉన్న నీళ్లలో చేస్తాంలే పెద్దమ్మా అంటావు. మంచిదే, అప్పుడు దాదాపు 3 డాల్టన్లు పెరుగుతుంది, ముందే మారిపోయినవి విడిగా తెలుస్తాయి. కానీ ఆ నీళ్లలోనే ఎక్కువసేపు ఉంచితే తనంతట తను మారేది కూడా 3 చూపిస్తుంది. అక్కడా ఎంజైమ్ వెయ్యని ట్యూబ్ ఉండాల్సిందే.

ఇప్పుడు గ్లైకాన్‌తో సహా పెప్టైడ్‌నే (ప్రొటీన్ ముక్కనే) చూస్తున్నారని నాకూ తెలుసు, మరీ అంత పాతదాన్ని కాను. గొలుసులోని చక్కెరల్లో రెండు ఫ్యూకోజ్‌ల బరువు 292.116 డాల్టన్లు, ఒక సియాలిక్ ఆమ్లానిది 291.095. మోనోఐసోటోపిక్ పీక్‌ని, అంటే తేలిక ఐసోటోపులతో వచ్చే మొదటి పీక్‌ని, ఒక స్థానం పక్కకి గుర్తించిందా, సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని ఇంకోటిగా రాసేస్తుంది. స్కోరు బాగుందని సరిపెట్టుకోకు, సియాలిక్ ఆమ్లానికి గుర్తైన 274, 292 అయాన్లు ఉన్నాయో లేవో నీ కళ్లతో చూడు.

అర్థం కాకపోతే అడుగు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ మొహమాటమొకటి, జ్వరమొచ్చినా చెప్పేదానివి కాదు. రాత్రి రన్ పెట్టి అక్కడే కూర్చోకు తల్లీ, నువ్వు ఇంటికెళ్లి అన్నం తిన్నా అది నడుస్తుంది.

ఇంకో సంగతి, నీకిచ్చే ప్రొటీన్ హెక్ కణాల్లో (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన కణాలు) చేసిందా, కీటక కణాల్లో చేసిందా? కీటక కణాలైతే గొలుసులు పొట్టిగా వస్తాయి, మనిషిలో వైరస్ మీద ఉండేవి అవే అనుకుంటే మోసపోతావు. చేరకముందే మెయిల్ పెట్టి కనుక్కుని నాకు చెప్పు.

మీ పెద్దమ్మ