థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాకి పెన్షన్ చూపించాలా, డిపాజిట్ చూపించాలా?

కర్నూలు నుంచి ఒకాయన అడిగారు: "నాన్నగారికి 61 ఏళ్ళు, ఉద్యోగం అయిపోయింది. బ్యాంకాక్‌లో అక్క దగ్గర ఉండాలని ఆశ. రిటైర్మెంట్ వీసాకి 8 లక్షల బాట్ బ్యాంకులో ఉండాలంటున్నారు. అంత డబ్బు కదల్చకుండా పెన్షన్ కాగితం చూపిస్తే సరిపోదా?"

సరిపోదండీ. నెలకి 65,000 బాట్ రాబడి చూపిస్తే డిపాజిట్ అక్కర్లేదన్నది నిజమే. కానీ అది మన లెక్కలో నెలకి లక్షన్నర పైమాటే. నేను ప్రొద్దుటూరులో 31 ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను. నా పెన్షన్ ఎంతో ఇక్కడ రాయను, మా వియ్యంకుడు కూడా చదువుతాడు. లక్షన్నర మాత్రం కాదు. రాబడీ డిపాజిట్టూ కలిపి ఏడాదికి 8 లక్షలు చూపించే దారి ఒకటుంది, దాని జోలికి నేను పోలేదు. కాబట్టి డిపాజిట్టే.

మనవైపు వాళ్ళకి డబ్బు లేక కాదు కష్టం. ఉన్నది ఎక్కడుందన్నదే కష్టం. మా ఊళ్ళో ఎవర్ని కదిలించినా కొంత బంగారం, కొంత చీటీ, మైదుకూరు రోడ్డులో ఒక ప్లాటు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన ప్రోనోట్లు. వీటిలో ఏదీ ఇమిగ్రేషన్ ఆఫీసరుకి పనికిరాదు. ఆయనకి కావలసింది ఆ దేశం బ్యాంకులో, మీ నాన్నగారి ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతా. అందులో 8 లక్షలు రెండు నెలలుగా కదలకుండా ఉండాలి. జనం 8 లక్షలు చూసి భయపడతారు. నన్నడిగితే భయపడవలసింది ఆ రెండు నెలలకి.

నా సంగతే చెబుతాను. 2024లో బ్యాంకాక్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. 90 రోజుల వీసా మీద దిగి, అక్కడే ఏడాదికి పొడిగించుకోవాలి. వెళ్ళేముందు ఇక్కడి బ్రాంచిలో విదేశాలకు డబ్బు పంపే సదుపాయం పెట్టించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. కౌంటర్లో కుర్రాడు ఎ2 ఫారం చేతికిచ్చి, "ఎందుకు పంపుతున్నారు సార్, టూర్ ప్యాకేజీయా?" అన్నాడు. వీసా కోసం నా ఖాతాకే నేను పంపుకుంటున్నానంటే, ఆ కారణం ఏ గడిలో రాయాలో వాడికీ తెలీదు, మేనేజరుకీ తెలీదు. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లాడే, అందుకని తిట్టలేకపోయాను.

డబ్బు పంపే రోజున ఇంకో దెబ్బ. 8 లక్షల బాట్ అప్పటి రేటులో సుమారు 19 లక్షల రూపాయలు. ఒక ఆర్థిక సంవత్సరంలో 7 లక్షలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ పట్టుకునేవారు. అంటే 12 లక్షల మీద 2,40,000. ఇది వేరే పన్ను కాదు, మన ఆదాయపు పన్ను కింద బ్యాంకు ముందుగా పట్టుకోవడం. రిటర్ను వేస్తే సర్దుతారు, కానీ అందాకా మన చేతిలో ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలయింది. మీ నాన్నగారిని సగం మార్చిలో, సగం ఏప్రిల్ ఒకటి తర్వాత పంపమనండి. లెక్కల మాస్టారునై ఉండి నాకిది తోచలేదు, జూలైలో మొత్తం ఒకేసారి పంపాను.

అదీ ఎంత పంపాను? సరిగ్గా 8 లక్షలకి సరిపడా. ఒక్క రూపాయి ఎక్కువ పంపినా టీసీఎస్ పెరుగుతుందని కాగితం మీద రేటు కట్టి మరీ పంపాను. డబ్బు చేరిందని ఫోనుకి మెసేజ్ వచ్చింది, అది థాయ్ భాషలో ఉంది. సరే వచ్చింది కదా అని ఊరుకున్నాను.

దేశంలో అడుగుపెట్టిన 28వ రోజు పొద్దున, మనవణ్ణి స్కూల్లో దింపి వస్తూ పాస్‌బుక్ మిషన్‌లో పెట్టాను. 7,97,000 చిల్లర. మధ్యలో ఏదో బ్యాంకు కొంత కోసుకుంది, చేరినందుకు అక్కడి బ్యాంకు ఇంకొంత. నేను కట్టిన రేటు డబ్బు చేరే రోజుకే మారిపోయింది. కాళ్ళు ఆడలేదు. 90లో 28 పోతే 62. పొడిగింపుకి 60 రోజులు నిండాలి. ఇంకో మూడు రోజులు ఆలస్యంగా చూసుకుని ఉంటే ఆ వీసా గడువులో పని అయ్యేదే కాదు. అల్లుడికి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి ఆటోలో వచ్చి 5,000 బాట్ కట్టాడు. వాళ్ళ టుక్‌టుక్‌ని నేను ఆటో అనే అంటాను.

ఆ 60 రోజులూ నాకు నిద్ర లేదు. మా ఆవిడ మాత్రం మనవాళ్ళ సరుకులు దొరికే పహురాత్ బజారులో బొరుగులు దొరికాయని ఉగ్గాని చేసిపెట్టింది. మిరపకాయ బజ్జీకి అక్కడి మిరపకాయ వద్దు, మాట వినండి.

89వ రోజు వెళ్ళాం. ఆ పొద్దునే బ్యాంకు లెటరు తీసుకుని, ఖాతాలో 100 బాట్ వేసి పాస్‌బుక్‌లో అదే తేదీ పడేలా చేశాం. లేకపోతే పాత లెక్క అంటారట. రుసుము 1,900 బాట్. ఆఫీసరమ్మ రెండు నిమిషాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ముద్ర వేసింది.

మా ఆవిడ నా మీద ఆధారపడిన భార్యగా ఉండాలంటే పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. 1986లో మా పెళ్ళి అగ్నిసాక్షిగా జరిగింది కానీ సబ్‌రిజిస్ట్రార్ సాక్షిగా జరగలేదు. అందుకని వెళ్ళేముందే, 38 ఏళ్ళ తర్వాత పెళ్ళిపత్రికా పాత ఫోటోలూ పట్టుకుని, మళ్ళీ కొత్త దంపతుల్లా సంతకాలు పెట్టాం. సాక్షికి వచ్చిన మా బావమరిది మిఠాయి పెట్టించందే కదల్లేదు. మీ అమ్మగారు కూడా వెళ్తుంటే ఈ పని ఇప్పుడే చేయించండి.

ముద్ర పడ్డాక కూడా ఆ డబ్బు మీది కాదు. మూడు నెలలు 8 లక్షలు అలాగే ఉంచాలి. ఆ తర్వాత 4 లక్షలకి తగ్గకూడదు. మళ్ళీ గడువుకి రెండు నెలల ముందు 8కి నింపాలి. అంటే ఏడాదిలో 5 నెలలు 8, 7 నెలలు 4. నేనయితే తీసి పెట్టే బాధ ఎందుకని మొత్తం అక్కడే వదిలేశాను. అదే 19 లక్షలు ఇక్కడ సీనియర్ సిటిజన్ స్కీములో ఉంటే 8.2 శాతం లెక్కన ఏడాదికి లక్షన్నర దాకా వచ్చేది. మనవడితో ఉండటానికి అద్దె అనుకున్నాను.

మధ్యలో ఊరికి రావాలంటే బయల్దేరే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, ఒక్కసారికి 1,000 బాట్. అది లేకుండా విమానం ఎక్కితే పొడిగింపు అక్కడితో సరి. మీ నాన్నగారిని పంపేటప్పుడు 8,15,000 బాట్ చేరేలా పంపమనండి, చేరిన మర్నాడే పాస్‌బుక్ ప్రింటు తీయించమనండి. మెసేజ్ వచ్చిందని ఊరుకోవద్దు.