ముక్కలు పంచగానే తెలిసిపోతుంది ఎవడు ఆటగాడో

పోకర్‌లో బాగా ఆడేవాళ్ళకీ, ఎప్పుడూ పోగొట్టుకునేవాళ్ళకీ తేడా ఏమిటి, ఏ యాప్‌లో నేర్చుకుంటే మంచిది అని అడిగారు. నేను పోకర్ ఆడలేదు. రమ్మీ మాత్రం కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి సీజన్ పాసు మీద తిరిగినన్నాళ్ళూ ఆడాను, అంతకంటే ఎక్కువ చూశాను. రెండింట్లోనూ తేడా ఒకటేనని నా నమ్మకం. ఆట రానివాడికి స్కూటు, అంటే ముక్కలు బాగాలేవని మొదట్లోనే ఆట వదిలేయడం, నామోషీ. పోకర్‌లోనూ మంచి ఆటగాళ్ళు చేతికొచ్చిన రెండు ముక్కలు చూసి, చాలాసార్లు అక్కడే ఆట వదిలేస్తారట. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు.

మా బోగీలో ఒక లెక్కల సారు ఉండేవారు. మోకాళ్ళ మీద పేపరు పరిచి, 201 ఆడేవాళ్ళం, అంటే ఓడిన పాయింట్లు కలుపుకుంటూ పోతే లెక్క 201కి చేరినవాడు అవుట్. ఓడినవాళ్ళది చాయ్ ఖర్చు, అంతే. ఒకరోజు కరెంటాఫీసులో చేసే ఒకాయనకి ముక్కలు పడ్డాయి. నేను ఆయన పక్కనే. రెండు జోకర్లు, మూడు రాజులు, రెండు రాణులు, కళావరు ఎనిమిది, పది, మిగతాదంతా చెత్త. జోకర్ కలవని సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరసగా వచ్చే ముక్కలు, ఒక్కటీ లేదు. దాన్నే లైఫ్ అంటారు. అప్పటికే ఆయన లెక్క 150 దాటింది. స్కూటు కొట్టి 25 పాయింట్లు రాయించుకుని పోతే ఇంకో ఆట బతుకుతాడు. కానీ రెండు జోకర్లు చూశాక మనిషి ఆగుతాడా?

కళావరు తొమ్మిది కోసం కూర్చున్నాడు. రెండు కట్టల ఆట, తొమ్మిదులు రెండే. ఒకటి మొదటి చుట్టులోనే ఎదుటివాళ్ళు పడేస్తే దాని మీద వేరే ముక్క పడి పోయింది. ఆయన చూడలేదు, రాజులు సర్దుకుంటున్నాడు. పైగా చేతిలో ఎనిమిదికీ పదికీ మధ్య వేలెడు సందు వదిలి పట్టుకున్నాడు, వచ్చే ముక్క కోసం రైల్లో సీటుకి తువ్వాలు వేసినట్టు. ఎవరైనా కళావరు పడేస్తే చాలు, మెడ ముందుకు సాగేది. సారు ఏమీ మాట్లాడలేదు. ఘన్‌పూర్ దాటింది, జనగామ దాటింది, ఆయన మూసిన కట్టలోంచి ఎత్తుతూనే ఉన్నాడు. చివరికి సారు ముక్కలన్నీ కలిశాయని షో చెప్పారు. కరెంటాయనకి లైఫే లేదు కాబట్టి ఫుల్ కౌంట్, 80 పాయింట్లు. ఆట నుంచి అవుట్.

సారు చేతిలో ఒంటరిగా మిగిలి, ఆఖరున షోకి మూసి పెట్టిన ముక్క ఏదనుకున్నారు? కళావరు తొమ్మిది.

"ఏంది సారూ, తొమ్మిది మీ తాన్నే ఉన్నదా?"

"పొద్దుగాల నుంచి నా తాన్నే ఉన్నది తమ్మీ. నీ చేతిల సందు కనవడ్డంక ఎట్ల ఇస్త?"

అయినా కరెంటాయన చాయ్ తాగుతూ అన్నది, "ఇయ్యాల ముక్కలు పడలే" అని. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముక్కలు ఎవరికీ పడవు, చాలాసార్లు చెత్తే వస్తుంది. ఇంకో రకం మనుషులుంటారు, వెనక నిలబడి "అది కొట్టు, ఇది ఆపు" అనేవాళ్ళు. వాళ్ళ వల్ల సగం ముక్కలు బోగీ అంతా తెలిసిపోయేవి.

ఇక యాప్ సంగతి. 'రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది' అని ప్రకటనల్లో ఊదరగొట్టేవారు. నిజమే, 1968లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో చెప్పింది: పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి మూడు ముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం కాదని. అదే తీర్పులో, ఆడించేవాడు ఆట మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చన్న మాట కూడా ఉంది. ఆ ముక్క మాత్రం ప్రకటనలో ఎవరూ వేయలేదు! తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా ఫోన్లో ముక్కలు అదే సర్దిపెడుతుంది, ఎదుటివాడి చేతిలో సందు కనపడదు. ఇంక నేర్చుకునేదేముంది?

నలుగురిని పోగుచేసి, రెండు కట్టలు కొనండి. మొదట్లో 13 ముక్కలూ అందరికీ కనిపించేలా పరిచి ఆడండి, పడేసిన ప్రతి ముక్కకీ ఎందుకు పడేశారో పైకి చెప్పండి. ఆ నలుగురిలో కాస్త వయసైన లెక్కల మాస్టారు ఒకరుంటే మరీ మంచిది.