ఒక క్లబ్బులో నేర్చుకుంటూ మరో క్లబ్బుకు వెళ్లి సాధన చేయవచ్చా?

అనంతపురంలో షోటోకాన్ కరాటే నేర్చుకుంటున్న మీరు ఇతర క్లబ్బుల్లోనూ సాధన చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయవచ్చు, చేయాలి కూడా. అయితే ముందు మీ మాస్టారికి చెప్పి, అవతలి మాస్టారి అనుమతి తీసుకున్నాకే వెళ్లండి.

షోటోకాన్‌లో దూరం నుంచి వేగంగా దూసుకువచ్చి దెబ్బను అదుపులో ఉంచడం అలవాటవుతుంది. కరాటేలోనే మరో శైలి అయిన క్యోకుషిన్ పోటీల్లో ముఖంపై పిడిగుద్దులు నిషిద్ధమైనా, ఛాతీపై, తొడలపై పూర్తి బలంతో కొడతారు కనుక అక్కడ దెబ్బకు ఓర్చుకోవడం తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది జూడో అని నా అభిప్రాయం. 1882లో జపాన్‌కు చెందిన జిగొరో కానో నెలకొల్పిన ఈ విద్యలో, ప్రత్యర్థి మీ కాలరును, చేతిని పట్టుకుని లాగిన క్షణంలోనే మీ నిలకడ ఎంత గట్టిదో బయటపడుతుంది. మన ఊళ్లోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్‌లో జూడో నేర్పుతారు. బయటివారిని రానిస్తారేమో ముందే కనుక్కోండి. మొదట పడటం నేర్పమని అడగండి: గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చాచిన చేతితో చాపను చరుస్తూ పడితే తల నేలకు తగలదు. పలుచని కరాటే దుస్తులు ఆ పట్టుకు చిరిగిపోతాయి, మందపాటి జూడో దుస్తులు అరువు తీసుకోండి.

మీ బెల్టు ఏ రంగుదైనా అక్కడ తెల్ల బెల్టు కట్టుకోవడమే మర్యాద. "మా దగ్గర ఇలా చేయం" అనే మాట మాత్రం నోట రానీయకండి.