మడత సైకిల్ కొనేముందు ఒకసారి మోసి చూడండి

"ఇంటి నుంచి స్టేషన్‌కి రెండు కిలోమీటర్లు, దిగాక ఆఫీసుకి ఇంకో కిలోమీటరున్నర. కారు ఇప్పుడప్పుడే కొనలేను. మడత సైకిల్ మంచిదేనా?" ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది.

మంచిదే. కాకపోతే షాపులో అందరూ తొక్కి చూసి కొనేస్తారు. మీరు మడిచి, చేత్తో పట్టుకుని మెట్లెక్కి చూడండి. చాలావాటి బరువు పది నుంచి పదమూడు కిలోలు. మొదటి అంతస్తు దాకా ఏమీ అనిపించదు, మూడో అంతస్తుకి వచ్చేసరికి భుజం లాగేస్తుంది. లిఫ్టు లేని ఇంట్లో ఉంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

రోజూ రద్దీ రైలు ఎక్కేవాళ్లకైతే నా ఓటు బ్రాంప్టన్ కంపెనీ 16 అంగుళాల చక్రాల సైకిల్‌కే. మడిస్తే ఆఫీసు బల్ల కింద పట్టేస్తుంది. గొలుసు రెండు చక్రాల మధ్యకి వెళ్లిపోతుంది కాబట్టి పక్కవాళ్ల బట్టలకి నూనె అంటదు. డాహన్, టర్న్ కంపెనీల సైకిళ్లలో ఎక్కువగా 20 అంగుళాల చక్రాలుంటాయి. గతుకుల్లో అవే నయం, కానీ మడిచినా కాస్త చోటు తింటాయి.

టైరు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. 16 అని రాసుంది కదా అని ఒకటి తెచ్చాను. గంటసేపు లాగినా రిమ్ముకి ఎక్కలేదు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం బ్రాంప్టన్‌కి 349 మిల్లీమీటర్లు, పిల్లల సైకిళ్లకి వచ్చే 16 అంగుళాల చక్రానికి 305. టైరు పక్కన ఉండే ఆ మూడంకెల సంఖ్య చూసి కొనండి.

గేర్లు వెనక చక్రం ఇరుసులోనే ఉండే రకం దొరికితే వదలొద్దు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే మడత కీలు దగ్గర వెలుతురు వేసి చూడండి. పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపించినా తీసుకోవద్దు, లోపల లోహం పగిలి ఉండొచ్చు. ఫ్రేమ్ నంబరు, పాత బిల్లు కూడా అడగండి.

రోడ్డు మీద ట్రామ్ పట్టాలుంటే వాటికి అడ్డంగా, తిన్నగా దాటండి, ఏటవాలుగా వెళ్తే చక్రం పట్టాలో ఇరుక్కుంటుంది. చాలా నగరాల్లో రద్దీ వేళ మామూలు సైకిల్‌ని రైల్లోకి రానివ్వరు, మడిచినదాన్ని లగేజీలా రానిస్తారు. కొన్నిచోట్ల కవరు తొడగమంటారు. కొనేముందే మీ రైలు వాళ్ల రూల్స్ చదివి పెట్టుకోండి.