ఫాంటమ్ ఒరిజినల్ స్ట్రిప్‌కి 500 డాలర్లు పెట్టొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్ కథ పేపర్లో రోజుకో వరస బొమ్మలుగా వచ్చేది కదా, ఆ డైలీ స్ట్రిప్ ఒకటి, చిత్రకారుడు సై బ్యారీ కాలం నాటిది, చేత్తో గీసిన ఒరిజినల్, అమెరికాలో ఒకాయన 500 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. మీకు చిన్నప్పటి నుంచి ఫాంటమ్ అంటే ప్రాణం. అంత పెట్టడం తప్పేమో అని టెన్షన్. ఇలాంటివి నేను రెండు కొన్నాను, ఒకటి చేజార్చుకున్నాను. ఆ మూడిటి గురించీ చెబుతాను.

గుంటూరులో అద్దె పుస్తకాల షాపులో ఇంద్రజాల్ కామిక్స్ (ఫాంటమ్ కథలు వేసిన బొమ్మల పుస్తకాలు) తెచ్చుకుని చదివిన వాణ్ని నేను. మొదటి ఒరిజినల్ 230 డాలర్లకు కొన్నాను. పార్శిల్ విప్పి చూస్తే మూర పొడవు అట్ట, మూడు గళ్లు, అంతా నలుపూ తెలుపూ. అప్పట్లో పుస్తకంలో చూసిన రంగులేవీ అందులో లేవు, అవి ప్రెస్సులో పడేవి. ఫాంటమ్ ఉండే చోటికి పెట్టిన డెంకాలి అన్న పేరు కూడా కనపడదు, అది మన పుస్తకాల కోసం మార్చిన పేరు. దగ్గర పెట్టుకుని చూస్తే ఫాంటమ్ భుజం దగ్గర ఇంకు కింద సగం చెరిగిన పెన్సిల్ గీత ఒకటి ఉంది. ముందు చెయ్యి ఇంకాస్త పైకెత్తి గీసి, నచ్చక దించారన్నమాట. ఒక మాట మీద తెల్ల రంగు పూసి మళ్లీ రాశారు. కింద అతికించిన కాపీరైట్ కాగితం జిగురు పసుపెక్కింది. ఆ పెన్సిల్ గీత చూడ్డానికే వారానికోసారైనా దాని ముందు నిలబడతాను. నేను పెట్టిన 230లో 200 మార్కెట్ ధర అయితే, మిగతా 30 ఆ గీతకే ఇచ్చాననుకుంటాను.

రెండోది వేలంలో కొన్నాను. మన టైము ప్రకారం తెల్లవారుజామున రెండున్నరకి పాట. అవతల ఎవరో వదలడం లేదు, నేనూ వదల్లేదు. 410 దగ్గర ఆగింది. దాని మీద కొనుగోలుదారు కమీషన్ 20 శాతం, అంటే 82. పోస్టేజీ 55. మొత్తం 547, ఆపైన కస్టమ్స్, కార్డు వాడినందుకు బ్యాంకు పట్టుకున్నది వేరే. ఇంతా చేసి ఆ స్ట్రిప్‌లో ఉన్నది టోపీ, కోటు, నల్లకళ్లద్దాలతో ఉన్న మిస్టర్ వాకర్ (ఊళ్లోకి వచ్చినప్పుడు ఫాంటమ్ వేసే మారువేషం), ఆయనతో మాట్లాడే ఇంకో మనిషి. ముసుగూ లేదు, గుర్రమూ లేదు, అడవీ లేదు. నేను ఆ రాత్రి బొమ్మ కోసం పాడలేదు, గెలవడానికి పాడాను. అది ఇప్పుడు బీరువాలో ఉంది.

ఇక చేజారినది. ఫాంటమ్ ఉంగరం తగిలి దవడ మీద పుర్రె గుర్తు పడిన దొంగ, వాడి మీద ఫాంటమ్ పిడికిలి. 320 అడిగారు. నేను 280 అన్నాను. ఒక రోజు ఆగి, సరే 320కే ఇవ్వండి అని రాసేసరికి అమ్ముడైపోయింది. ఆరేళ్లయింది, అలాంటిది మళ్లీ నా కంట పడలేదు. 40 డాలర్ల దగ్గర బేరమాడినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మీ విషయంలో ముందు చూడాల్సింది 500 ఎక్కువా తక్కువా అని కాదు, ఈ బొమ్మ మళ్లీ దొరికేదా కాదా అని. సై బ్యారీ 1961 నుంచి 1994 దాకా ఫాంటమ్ గీశారు. ఆదివారాలు తీసేసినా ఏడాదికి మూడొందల పైన డైలీలు, అంటే మొత్తం పదివేలు. అన్నీ మిగిలి ఉండవు కానీ, మామూలు సంభాషణ స్ట్రిప్ పోతే ఇంకోటి వస్తుంది. 1977లో ఫాంటమ్, డయానాల పెళ్లి రోజుల నాటిదైతే మాత్రం ఆగకండి. ఇంకో సంగతి, సంతకం బ్యారీదే ఉన్నా పెన్సిల్ పనిలో జార్జ్ ఒలెసెన్, ఆంద్రే లెబ్లాంక్ లాంటి సహాయకుల చెయ్యి కూడా ఉండేది. నాకది లోటుగా అనిపించదు. కానీ అమ్మేవాళ్లు "అచ్చంగా బ్యారీ" అని ధర పెంచితే ఒప్పుకోకండి.

2022 జనవరిలో స్పైడర్‌మ్యాన్ పేజీ ఒకటి 33.6 లక్షల డాలర్లకు పోయిన వార్త చూసి చాలామంది ఇదేదో పెట్టుబడి అనుకున్నారు. అది నల్ల సూట్ మొదలైన కథ చెప్పే పేజీ, దానికి అంత పోటీ పడ్డారు. మన స్ట్రిప్‌లకు ఆ లెక్క పనికిరాదు. అడుగుతున్న ధరలు అసలు పట్టించుకోకండి, అమ్ముడైన ధరలు చూడండి. హెరిటేజ్ ఆక్షన్స్ అనే అమెరికా వేలం సంస్థ సైటులో ఖాతా తెరిస్తే పాత పాటలు ఎక్కడ ఆగాయో కనిపిస్తాయి, ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఆప్షన్ ఉంది. అదే దశాబ్దం, ముసుగులో ఫాంటమ్ ఉన్న గళ్లు దాదాపు అన్నే, అలాంటివి ఐదారు పోల్చితే మార్కెట్ ధర తేలుతుంది.

దాని పైన ఎంత పెట్టాలన్నది మీ ప్రేమ. ఆ డబ్బు తిరిగి రాదనుకుని పెట్టాలి. నేనైతే పట్టపగలు, సైటు మూసేసి, పోస్టేజీ, పన్నులు అన్నీ కలిపి ఒక అంకె కాగితం మీద రాస్తాను. దాన్ని రూపాయల్లోకి మార్చి మా ఆవిడకు చెబుతాను. చెప్పడానికి నోరు రాకపోతే ఆ అంకె నాకు ఎక్కువన్నట్టే. వేలంలో ఆ రెండోసారి ఆమెకు చెప్పకుండానే పాడాను.

మీరు పంపిన ఫొటోలో మూడు గళ్లలో రెండింటిలో ఫాంటమ్ ముసుగులో ఉన్నాడు, చివరి గడిలో అతని తోడేలు డెవిల్ కూడా ఉంది. నాకైతే చాలా బాగా నచ్చింది. 440 అడగండి. ఆయన 470 అంటే ఒప్పేసుకోండి. అస్సలు దిగకపోతే, పైన చెప్పినట్టు లెక్క వేశాక మీ అంకెలో 500 పడుతుంటే ఇచ్చేయండి, 30 డాలర్ల కోసం నాలాగా ఒక రోజు ఆగకండి. డబ్బు పంపే ముందు మాత్రం అట్ట వెనక వైపు ఫొటో, వెలుతురు పక్క నుంచి పడేలా ముందు వైపు ఫొటో అడగండి. చేత్తో గీసినదైతే ఇంకు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది, పెన్సిల్ ఒత్తిన గాడి కూడా చాలాసార్లు కనిపిస్తుంది. ప్రింటు అయితే అంతా ఒకేలా చదునుగా ఉంటుంది. ఆ ఫొటోలు వచ్చాక ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.